అవుట్ అయినవాళ్లు కూర్చోకూడదు

డ్రిల్ టీచర్లుగా చేరబోయే ఆడపిల్లలు ఇద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మేడమ్, మాకు పనికొచ్చేది ఏమైనా చెప్పండి" అని అడిగారు. నాకు మాట్లాడటం మొదలుపెడితే ఆపడం రాదు. టీ చల్లారిపోయింది, వాళ్ల బస్సు టైమైపోయింది, చెప్పాల్సింది మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే తీరుబడిగా రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, సర్వీసు రిజిస్టర్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటి గురించి చెప్పేవాళ్లు ప్రతి స్టాఫ్ రూములోనూ నలుగురుంటారు.

నా పేరు మెహరున్నీసా. పుట్టి పెరిగింది అనకాపల్లిలో. మా నాన్నగారిది గాజుల కొట్టు. వ్యాయామ విద్యలో ట్రైనింగు అయ్యాక చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే చిన్న బడి. అంత చిన్నపిల్లల బడికి ప్రత్యేకంగా డ్రిల్ టీచరు ఉండటం తొంభైల్లో వింతే. చీరమీద కేన్వాసు బూట్లు, మెడలో విజిలుతో రోజూ పొద్దున్నే బస్టాండులో నిలబడితే జనం తిరిగి తిరిగి చూసేవారు. కండక్టరు మాత్రం "ఈలమ్మగారు ఎక్కేసేరు, రైట్ రైట్" అనేవాడు.

నా నోరు పెద్దది, కోపం ముక్కుమీదే ఉండేది. ఈ రెండూ డ్రిల్ టీచరుకి ఉండాల్సినవేనని ట్రైనింగులో చెప్పారు. నేను నమ్మాను. ఆ నమ్మకం నాకు ఎలా పోయిందో మీకు చెప్పాలి.

డ్రిల్ పీరియడ్ అంటే

ముందు ఒక నిజం చెప్పేస్తాను. డ్రిల్ పీరియడ్ అంటే లెక్కల మాష్టారు అప్పు అడిగే పీరియడ్. "మెహరున్నీసాగారూ, భాగహారం మిగిలిపోయింది, మీ నలభై నిమిషాలూ ఇస్తారా?" అంటారు. ఆటలేగా, పోతే ఏం పోయిందని అందరి ఉద్దేశం. మా హెడ్మాష్టరుగారూ అంతే. మంచి మనిషి, నిదానస్తుడు, కానీ చప్పుడంటే ఆయనకి గిట్టదు. పిల్లలు వరసలో నిలబడి చేతులు ముందుకీ పైకీ ఊపుతుంటే కిటికీలోంచి చూసి మురిసిపోయేవారు. పరిగెత్తితే మాత్రం బయటికొచ్చి, "ఏమిటమ్మా ఆ గోల" అనేవారు. ఆయనతో పోట్లాడటంలో నా సగం జీవితం గడిచింది.

నేను చేరిన కొత్తలో మా పిల్లలందరూ బక్కచిక్కినవాళ్లే. బుచ్చయ్యపేట వైపు పల్లెల నుంచి నడిచొచ్చేవాళ్లు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయేవారు. అలాంటివాళ్ల కోసం నా బ్యాగులో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉంచుకునేదాన్ని. నాలుగైదేళ్లు గడిచేసరికి ఇంకో రకం పిల్లలు కనపడటం మొదలైంది. ఊళ్లో కొట్లవాళ్ల పిల్లలు, రిక్షాలో వచ్చి రిక్షాలో వెళ్లేవాళ్లు. ఇంటికెళ్తే టీవీ, చేతిలో బిస్కట్ పొట్లం. తరగతికి ఒకళ్లో ఇద్దరో ఉండేవారు, అంతే. రెండు మెట్లెక్కితే ఆయాసపడేవారు. ఎనిమిదేళ్ల పిల్ల ఆయాసపడటం ఏమిటని నాకు భయం వేసేది. ఇంట్లోవాళ్లకి మాత్రం పిల్ల బొద్దుగా ఉందని గర్వంగా ఉండేది.

సరే, దీని సంగతి తేల్చాలనుకున్నాను. ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది.

కాటా

పిల్లలందరి బరువులూ తూచి, ఎక్కువున్నవాళ్ల ఇళ్లకి చీటీ పంపాలని నా ఆలోచన. బరువు చూసే మిషను బడిలో లేదు. మా బడి ప్యూను అప్పల్నాయుడు ఒకప్పుడు బెల్లం బజారులో తూకాల దగ్గర పనిచేసినవాడు. తెలిసినవాళ్లని అడిగి, బస్తాలు తూచే ఇనప కాటా ఒకటి రిక్షాలో వేసుకొచ్చాడు. వరండా ముందు దాన్ని దించి, పిల్లల్ని వరసలో నిలబెట్టాం. నేను రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాను.

బెల్లం బజారులో తూకం పనంతా గొంతుతోనే. తూచేవాడు బరువు గట్టిగా పాడినట్టు చెప్తాడు, దూరంగా కూర్చున్న గుమస్తా రాసుకుంటాడు. తప్పు పోకుండా రెండుసార్లు చెప్తాడు. అప్పల్నాయుడికి తెలిసిన తూకం అదే. ఒక్కొక్క పిల్లనీ కాటా ఎక్కించి, "లచ్చిమీ... ఇరవై రెండూ... ఇరవై రెండే!" అని అందుకున్నాడు. పిల్లలకి భలే సరదాగా ఉంది. నాకూ నవ్వొచ్చింది. ఆపమనలేదు.

నాలుగో తరగతి హైమావతి వంతు వచ్చింది. ఊళ్లో కిరాణా కొట్టు వాళ్ల పిల్ల. తల్లి లేదు, నాన్న ఎప్పుడూ కొట్లోనే ఉంటాడు, పెంచింది మామ్మ. చక్కగా పాడేది, ఎక్కాలు గడగడ చెప్పేది. కాటా ఎక్కి తలొంచుకుని నిలబడింది.

"హైమావతీ... నలభై ఒకటీ... నలభై ఒకటే!"

వెనక నుంచి ఎవడో "బెల్లం దిమ్మ!" అన్నాడు. బడంతా విరగబడి నవ్వింది. అప్పల్నాయుడు కూడా నవ్వాడు, పాపం అతనికి అది బజారులో దిమ్మ బరువు బాగా తూగినప్పుడు వచ్చే నవ్వే. నేనేం చేశానో తెలుసా? "సైలెన్స్!" అని విజిలు ఊది, తర్వాతి పిల్లని పిలిచాను. అక్కడితో ఆగినా బాగుండును. ఆ సాయంత్రం బరువులన్నీ కాగితంమీద రాసి, ఎక్కువున్నవాళ్ల పేర్లు ఎర్ర పెన్సిలుతో దిద్ది, వరండా నోటీసు బోర్డుకి అంటించాను. సిగ్గొస్తే తగ్గుతారని నా లెక్క. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ, మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి లెక్కే వేస్తారు. అందుకని దాచకుండా రాస్తున్నాను.

"గుంట బడికి ఒల్లనంటంది"

హైమ మంగళవారాలూ శుక్రవారాలూ రావడం మానేసింది. అవి నాలుగో తరగతికి డ్రిల్ ఉన్న రోజులు. తర్వాత మధ్యాహ్నం క్యారేజీ విప్పడం మానేసిందని వాళ్ల క్లాసు టీచరు చెప్పింది. తర్వాత అసలే రావడం మానేసింది. పది పన్నెండు రోజులకి వాళ్ల మామ్మ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. సరాసరి హెడ్మాష్టరుగారి గదిలోకి వెళ్లి, "బాబూ, మా గుంట బడికి ఒల్లనంటంది. టీసీ ఇచ్చీండి" అంది.

ఆయన కంగారుపడ్డారు. "అదేమిటమ్మా, బాగా చదివే పిల్ల. ఏ బడిలో వేస్తారు?"

"ఏ బడీ నేదు. నాలుగు వరకూ సదివింది, సాల్లే. ఇంటికాడ నా కళ్లముందుంటాది. అక్కడ దానికి పేర్లెట్టేవోళ్లు ఎవలూ నేరు."

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వేనా తల్లీ, నా గుంటని కాటా ఎక్కించింది?" అంది. అరవలేదు, తిట్టలేదు.

త్రైమాసిక పరీక్షలయ్యేదాకా ఆగమని హెడ్మాష్టరుగారు బతిమాలారు. పరీక్షలు రాసినా రాయకపోయినా అవి అయిన మర్నాడు టీసీ పట్టుకెళ్తానని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. మాకు మిగిలింది ఐదారు వారాలు. ఎక్కాలు గడగడ చెప్పే ఒక పిల్ల చదువు నా ఎర్ర పెన్సిలు వల్ల నాలుగో తరగతిలో ఆగిపోతోంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి బోర్డుమీద కాగితం పీకేశాను, అయినా పేరు అతుక్కున్నాక కాగితం పీకి ఏం లాభం.

చూడటమే పనిగా పెట్టుకున్న మనిషి

ఆ వారంలోనే మా బడికి సరళా మేడమ్ వచ్చింది. విశాఖపట్నంలో సైకాలజీ చెప్పే లెక్చరరు. చిన్నపిల్లలకి తిండి అలవాట్లు, ఆట అలవాట్లు ఎలా పడతాయో, ఎలా మారతాయో చదువుతోందట. చిన్న ఊళ్లో ఒక బడిలో కొన్నాళ్లు కూర్చుని చూస్తానని హెడ్మాష్టరుగారిని అడిగింది. ఆయన ఆవిడని నాకు అప్పజెప్పారు. నలభై ఏళ్లుంటాయి. నేత చీర, చేతిలో ఒక పుస్తకం, ఒక గడియారం. మాట చాలా తక్కువ.

నేను నా గొప్పలు చూపించాను. కాటా సంగతి బెడిసికొట్టాక నేను పోస్టర్లలోకి దిగాను లెండి. అట్టలమీద లడ్డూలు, జిలేబీలు, మాడుగుల హల్వా రంగురంగులుగా వేసి, అడ్డంగా గీతలు కొట్టి, "తీపి తగ్గించు, ఆరోగ్యం పెంచు" అని రాశాను. ఆవిడ వాటిని చూసి, అక్కడే నిలబడి ఉన్న ఒకటో తరగతి పిల్లాడిని, "ఇది చూస్తే నీకేమనిపిస్తోంది నాన్నా?" అని అడిగింది.

"లడ్డూ తినాలనుంది" అన్నాడు వాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

నాలుగు రోజులు ఆవిడ చేసింది ఒక్కటే పని. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లల కాళ్లు ఎటు వెళ్తున్నాయో చూడటం. గంట కొట్టగానే గేటుకి ఎదురుగా కనపడేది ఐసుబండి. ఎర్రైసు, పాలైసు. అందరి కాళ్లూ అటే. కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు, లేనివాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. పదిహేను నిమిషాలు అక్కడే అయిపోతాయి. వెనక అంత పెద్ద గ్రౌండు ఖాళీగా పడి ఉంటుంది. నేను అన్నేళ్లుగా రోజూ చూస్తున్న దృశ్యమే, కానీ ఒక్కనాడూ నాకు పట్టలేదు.

ఐదో రోజు ఆవిడ బండివాడి దగ్గరకెళ్లి మాట్లాడింది. వాడు, "నా పొట్ట కొట్టేత్తారేటి అమ్మా" అని లబలబలాడాడు. ఆవిడ ఓపిగ్గా నచ్చజెప్పింది. ఇంటర్వెల్లో గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మమంది, ఐసుబండి మాత్రం మలుపు అవతల సైకిల్ షాపు పక్కన పెట్టుకుని సాయంత్రం అమ్ముకోమంది. అంతే. పిల్లలకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మర్నాడు గంట కొట్టారు. పిల్లలు గేటు దాకా వచ్చారు. ఎదురుగా బండి లేదు. కొందరు శనక్కాయలు కొనుక్కుని జేబుల్లో పోసుకున్నారు. కొందరు ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. తర్వాత వెనక్కి తిరిగారు, గ్రౌండులోకి పరిగెత్తారు. "ఐసుబండి ఏదీ" అని ఒక్కడు ఏడవలేదు, ఒక్కడు అడగలేదు. నేను వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. అన్నేళ్లు గొంతు చించుకుని నేను చెయ్యలేనిది ఒక బండి నాలుగడుగులు పక్కకి జరిగితే అయిపోయింది.

"ఇదేం మంత్రం మేడమ్?" అన్నాను.

"మంత్రం కాదండీ. కళ్లెదురుగా ఏది ఉంటే పిల్లలు అది చేస్తారు. మనమూ అంతే" అంది ఆవిడ.

నాకు కోపం వచ్చిన రోజు

ఇక ఆవిడ నా డ్రిల్ పీరియడు చూస్తానంది. రండి రండి అన్నాను. ఆ రోజు డాడ్జ్ బాల్ ఆడించాను. తెలియనివాళ్లకి చెప్తున్నాను, కొందరు గుండ్రంగా నిలబడి బంతి విసురుతారు, మధ్యలో ఉన్నవాళ్లు తప్పించుకోవాలి. తగిలినవాళ్లు అవుట్. అవుట్ అయినవాళ్లు వరండా మెట్లమీద కూర్చోవాలి. చివరికి మిగిలినవాడు గెలిచినట్టు. పిల్లలు కేకలు, కేరింతలు. నాకు చాలా గర్వంగా ఉంది.

పీరియడయ్యాక ఆవిడ నా పక్కన కూర్చుని, "మెహరున్నీసాగారూ, ఒక సందేహం. ముందు ఎవరు అవుటవుతారు?" అని అడిగింది.

"మెల్లిగా కదిలేవాళ్లు."

"చివరిదాకా ఎవరు పరిగెత్తుతారు?"

"బాగా పరిగెత్తగలిగేవాళ్లు."

"మరి పరుగు ఎవరికి ఎక్కువ కావాలి?"

నాకు ఒక్కసారి నెత్తికెక్కింది. "మేడమ్, ఆట అంటే ఇంతే. దేశమంతా ఇలాగే ఆడతారు. మీరు పుస్తకాలు చదువుకుని వచ్చారు, నేను గ్రౌండులో ఎండిపోయాను" అని లేచి వచ్చేశాను. ఆవిడ వెళ్తూ తన గడియారం నా బల్లమీద పెట్టి వెళ్లింది.

మర్నాడు ఐదో తరగతికి డ్రిల్. కోపంగానే ఆ గడియారం తీసుకుని, నేను విజిలు ఊదే పని లీడరు పిల్లకి ఇచ్చి, వరండాలో కూర్చుని చూశాను. బొద్దుగా ఉండే కుర్రాడు ఒకడు మొదటి బంతికే అవుటయ్యాడు. మెట్లమీద కూర్చున్నాడు. గడియారం చూశాను. వాడు ఆ ఆట అయ్యేదాకా అక్కడే ఉన్నాడు, మట్టిలో పుల్లతో గీతలు గీసుకుంటూ. కుర్చీలాట పెట్టించాను, వాడే ముందు అవుట్. ముట్టుకునే ఆట పెట్టించాను, మళ్లీ వాడే. నేను నేర్చుకున్న ఆటల్లో సగం పరుగు అవసరమైనవాళ్లని ఏరి ఏరి కూర్చోబెట్టే ఆటలే.

అప్పుడు హైమ గుర్తుకొచ్చింది. రెండేళ్లు ఆ పిల్ల నా డ్రిల్ పీరియడంతా ఆ మెట్లమీదే కూర్చుంది. పాపం ఊరికే కూర్చుందని నా పర్సు, నా గాజులు దాని ఒళ్లో పెట్టేదాన్ని. అది దాన్ని ముద్దుచేయడం అనుకున్నాను! దాన్ని కూర్చోబెట్టిందీ నేనే, కూర్చుని లావైందని కాటా ఎక్కించిందీ నేనే. వరండాలోనే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంత కంటి ముందున్న సంగతి ఇన్నేళ్లు కనపడకపోవడం ఏమిటన్న ఆశ్చర్యం మాత్రం ఈరోజుకీ నన్ను వదల్లేదు.

సరళా మేడమ్ దగ్గరికెళ్లి క్షమించమన్నాను. ఇద్దరం కలిసి ఒకే ఒక్క నియమం మార్చాం. అవుట్ అయినవాళ్లు కూర్చోకూడదు. గ్రౌండు చివర కాంపౌండు గోడ దాకా పరిగెత్తి, దాన్ని ముట్టుకుని, తిరిగి ఆటలోకి రావాలి. గంట కొట్టేదాకా ఆట ఆగదు.

మొదటి రోజు గోల గోలయింది. నాలుగో తరగతిలో అందరికన్నా చురుకైనవాడు చిన్నారావు అడ్డం తిరిగాడు. "మరి ఎవలు గెలిసినట్టు టీచర్?"

"ఆడు ముందు" అన్నాను. రెండో రోజు కూడా అడిగాడు. మూడో రోజు అడగలేదు, ఆడే తొందరలో మర్చిపోయాడు. గోడకీ ఆటకీ మధ్య ఎప్పుడు చూసినా ఏడెనిమిది మంది పిల్లలు పరిగెత్తుతూనే ఉన్నారు. హెడ్మాష్టరుగారు కిటికీలోంచి తొంగిచూసి, "ఏమిటమ్మా ఆ గోల" అన్నారు. "ఈ గోల కోసమేనండీ మీరు నాకు జీతం ఇస్తున్నది" అన్నాను. ఆయన కిటికీ రెండో రెక్క కూడా తెరిచారు.

మామ్మ వంటిల్లు

ఇదంతా అయింది కానీ హైమ లేదు. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మామ్మ మొహం ముడుచుకుంది, అయినా పీట వేసింది, పళ్లెంలో హల్వా తెచ్చి పెట్టింది. నేను మాట మొదలుపెట్టేలోపే ఆవిడే అంది, "దానికి నేను పెట్టీదాని గురించి సెప్పడానికొచ్చేవా?"

"లేదమ్మా."

"సెప్పినా వినను. నా కొడుకు గంజినీల్లు తాగి పెరిగేడు. ఇంకోడు ఆ గంజీ నేక పోయేడు. ఆకలేసిందని గుంట అడిగితే నేదని సెప్పకూడదని ఆనాడే ఒట్టెట్టుకున్నాను. నువ్వు సదువుకున్నావు, నీకేటి తెలస్తది?"

నా పోస్టర్లన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఈవిడ పెట్టే ప్రతి ముద్ద వెనకా పోయిన ఒక బిడ్డ ఉన్నాడు. ఆ ముద్దకి అడ్డంగా నేను గీత కొట్టబోయాను. అమ్మాయిలూ, ఎవరింటి తిండి గురించి మాట్లాడే ముందైనా ఆ ఇంటి వంటింట్లో ఒకసారి కూర్చోండి. ఆ ఇంట్లో ఆకలి ఎలా గడిచిందో ఏ చార్టులోనూ రాసి ఉండదు.

తలుపు వెనక హైమ ఉందని కుచ్చుల పావడా అంచు చూసి కనిపెట్టాను. అటువైపు తిరిగి మాట్లాడాను. "హైమా, నిన్ను అందరిముందూ కాటా ఎక్కించడం నా తప్పు. నీ పేరు బోర్డుమీద పెట్టడం ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించమ్మా."

మామ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఓలమ్మో, టీచరమ్మ గుంటని సెమాపన అడుగుతందేటి!"

తలుపు కదిలింది. "డ్రిల్‌కి రమ్మంటారా?" అని చిన్న గొంతు వినపడింది.

"ఒక్కసారి రా. ఇప్పుడు ఎవరూ మెట్లమీద కూర్చోవట్లేదు."

"అవుట్ అయితే?"

"గోడ ముట్టుకుని మళ్లీ ఆటలోకే. నీకు నచ్చకపోతే చెప్పు, టీసీ నేనే రాయించి మీ మామ్మ చేతికి ఇస్తాను. మళ్లీ మీ గుమ్మం తొక్కను."

హల్వా మొత్తం తిని లేచాను.

మీరు అడగబోయేది

హైమ తర్వాత సన్నబడిందా అని అడుగుతారు. నాకు తెలీదు. ఆ తర్వాత నేను ఏ పిల్లనీ నలుగురిలో తూచలేదు. బరువు చూడాల్సొస్తే తలుపేసిన గదిలో డాక్టరుగారు చూసేవారు, అంకె రాసిన కాగితం మడిచి ఇంటికి పంపేవారు. నా పని అంకె తగ్గించడం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. కూర్చున్న పిల్ల లేచిందా, లేచిన పిల్ల మర్నాడు కూడా లేచిందా, ఇదే నేను చూడాల్సింది. సరళా మేడమ్ చదివిన ఆ అలవాట్ల చదువు ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లతో వినపడుతోంది. ఆవిడ నాకు నేర్పింది మాత్రం చిన్నదే. పిల్లని మార్చే ముందు పిల్ల చుట్టూ ఉన్నది మార్చి చూడు. అది చాలకపోతే అప్పుడు పిల్ల దగ్గరికి రా. నా ఉద్యోగంలో చాలా తక్కువసార్లు అక్కడిదాకా రావాల్సొచ్చింది.

ఆ శుక్రవారం

పరీక్షలకి వారం ముందు శుక్రవారం హైమ వచ్చింది. మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తను వరండా మెట్లమీద చతికిలబడింది. "నేనిక్కడే కూకుంటాను. ఎవడేనా పేరెట్టి పిలిసేడో, తోలు ఒలుస్తాను" అని గ్రౌండంతా వినపడేలా అంది. ఎవడైనా ఒక్క మాటంటే చాలు, ఆ పిల్ల ఇంక ఏ బడి గుమ్మమూ ఎక్కదు.

ఆట మొదలైంది. చిన్నారావు విసిరిన మొదటి బంతే హైమ భుజానికి తగిలింది. అవుట్. హైమకి రెండేళ్ల అలవాటు కదా, తలొంచుకుని మెట్లవైపు నడవడం మొదలుపెట్టింది. నేను అరవబోయాను. విజిలు నోట్లో పెట్టుకున్నాను, ఊదేలోపే కేకలు వినపడ్డాయి.

అరిచింది నేను కాదు, పిల్లలు.

"ఒసే హైమా, అటు కాదే!"

"కూకోకూడదే! గోడ! గోడ ముట్టుకొని రాయే!"

చిన్నారావే దాని ముందుకి ఉరికి, చెయ్యి చాచి గోడవైపు చూపించాడు. "బేగి ఎల్లు, మళ్లీ రావాల!"

హైమ వెనక్కి తిరిగింది. నడిచింది. నాలుగడుగులు వేశాక నడక పరుగైంది. జడలు ఎగురుతున్నాయి, పావడా అడ్డం పడుతోంది, ఆయాసపడుతోంది, అయినా వెళ్లి రెండు చేతులతో గోడని కొట్టి వచ్చింది. వస్తూనే మళ్లీ అవుట్. మళ్లీ గోడ. నేను చూస్తూ ఉండిపోయాను. ఓదార్చమనీ, దయచూపమనీ ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు. ఆటలో ఒక్క నియమం మారింది, మొన్నటిదాకా పేరుపెట్టి నవ్విన నోళ్లే ఇవాళ రమ్మని పిలుస్తున్నాయి. ఇంత మంచితనం వాళ్లలో ఎక్కడ ఉందో, అన్నేళ్లు నేను దాన్ని ఏ మెట్లమీద కూర్చోబెట్టానో అనుకున్నాను.

గంట కొట్టారు. హైమ మొహం ఎర్రగా కందిపోయి, చెమటలు కారుతూ మెట్ల దగ్గరికొచ్చింది. మామ్మ గబగబా లేచి కొంగుతో దాని మొహం తుడుస్తూ, "గెలిసేవా అమ్మా?" అని అడిగింది.

"నేదు మామ్మా!" రొప్పుతూ, నవ్వుతూ, చేతి వేళ్లన్నీ చాపి చూపించింది. "పదకొండుసార్లు అవుట్ అయ్యేను! కలాసులో ఎవలూ అన్నిసార్లు అవ్వనేదు! నేనే ఫస్టు!"

చిన్నారావు తన వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. మూడు దగ్గర ఆగిపోయి మొహం మాడ్చుకున్నాడు.

హైమ నావైపు తిరిగింది. "టీచర్, మళ్లీ డ్రిల్ ఎప్పుడు?"

"మంగళవారం" అన్నాను.

"అమ్మో! అందాకా ఆగాలేటి?" అంది.